బంగినపల్లి ఒకటి కాదు

ఎండాకాలం మొదలైతే చాలు, అసలైన బంగినపల్లి ఎవరిది అన్న తగువు కూడా మొదలవుతుంది. నంద్యాల వైపు వాళ్లు బనగానపల్లె మట్టిలో పండిందే బంగినపల్లి, మిగతావన్నీ ఆ పేరు పెట్టుకున్న కాయలు అంటారు. మా నూజివీడు వైపు వాళ్లు ముందు కాయ చూసి మాట్లాడండి అంటారు. ఖమ్మం, జగిత్యాల వాళ్లు మేమేం తక్కువ తిన్నామా అంటారు. తగువు ఎంత ముదిరినా ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట: బంగినపల్లి అంటే ఒకటే రకం, మట్టి మారితే రుచి మారుతుంది, అంతే అని. నా గొడవంతా ఆ మాటతోనే. ఊరికీ ఊరికీ మధ్య తేడా తర్వాత చూద్దాం, ఒకే తోటలో, ఒకే వరసలో, ఒకే బావి నీళ్లు పారిన రెండు చెట్ల మధ్య ఎంత తేడా ఉంటుందో తోట ఉన్న ఎవరినైనా అడగండి.

మా తోటలోదే చెబుతాను. బావి పక్క వరసలో రెండు చెట్లున్నాయి, రెండూ తాతయ్య ఒకే ఏడు పెట్టినవి, రెండింటినీ బేరగాళ్లు బంగినపల్లి కిందే కోసుకుపోతారు. మొదటి చెట్టు కాయ కోలగా, ఒక పక్కకి కొంచెం ఒంగినట్టు ఉంటుంది. కాయ ముదిరితే భుజాలు లేచి తొడిమ దగ్గర చిన్న గుంట పడుతుంది, తొక్క మీద చుక్కలు ఎంత లేతగా ఉంటాయంటే వెలుతురులో తిప్పి చూస్తే గానీ కనపడవు. పండితే కాయంతా ఒకే పసుపు. టెంక పల్చన, రెండు బుగ్గలూ కోసేశాక మధ్యలో మిగిలేది చాలా తక్కువ. రెండో చెట్టు కాయ గుండ్రానికి దగ్గరగా ఉంటుంది, చుక్కలు పెద్దవి, వేలితో రాస్తే గరుగ్గా తగులుతాయి, ఎండ పడే వైపు లేత గులాబీ రంగు తిరుగుతుంది, పూర్తిగా పండినా తొడిమ చుట్టూ కాస్త ఆకుపచ్చ ఉండిపోతుంది. టెంక మందం. కోత కూడా మొదటి చెట్టు కంటే వెనక. మొదటిది ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు ముఖం చాటేస్తుంది, రెండోది మాత్రం ఏటా ఎంతో కొంత కాస్తూనే ఉంటుంది. తీపి రెండోదానికే ఎక్కువ. మార్కెట్‌కి మాత్రం మొదటిదే కావాలి, ఎందుకంటే పెట్టెలో పేర్చినప్పుడు కంటికి ఇంపుగా ఉంటుంది.

ఈ రెండూ ఒకటే రకమా? పేరు అడిగితే అవును. ఇంకేం అడిగినా జవాబు అంత తేలిక కాదు.

మామిడిలో ఈ గందరగోళం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే టెంక దగ్గర మొదలుపెట్టాలి. మన బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు. టెంక లోపలి జీడిలో ఉండేది ఒకే పిండం, అది తల్లి చెట్టుకీ, ఏ పక్క తోట నుంచో ఈగలు మోసుకొచ్చిన పుప్పొడికీ పుట్టిన బిడ్డ. మామిడికి 40 క్రోమోజోములు, అంటే 20 జతలు, ఆ జతల్లో రెండు వైపులా ఉండే జన్యువుల మధ్య తేడాలు చాలా ఎక్కువ, అందువల్ల ఒకే కాపులోని పది టెంకలు పాతినా పది రకాల చెట్లు వస్తాయి. అన్ని మామిళ్లూ ఇంతే అనుకోకండి. ఆగ్నేయాసియా రకాల్లోనూ, మన పడమటి తీరంలో ఓలూర్, వెల్లైకొలంబన్ లాంటి వాటిలోనూ ఒక్క టెంకలో నాలుగైదు మొలకలు వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచే పుట్టినవి కాబట్టి అచ్చం తల్లిలాగే ఉంటాయి. బంగినపల్లికి ఆ సౌకర్యం లేదు, రసాలకీ లేదు, ఉత్తరాది రకం దశేరీకీ లేదు. అందుకే అంటు కట్టడం తప్ప దారి లేదు. ఈరోజు రెండు రాష్ట్రాల్లో ఉన్న బంగినపల్లి చెట్లన్నీ ఎప్పుడో ఎక్కడో టెంక నుంచి మొలిచిన ఒక్క చెట్టు పుల్లలే (అంటు కట్టడానికి కోసే రెమ్మలే), అంటు మీద అంటు కట్టుకుంటూ ఇంత దూరం వచ్చాయి. కనీసం లెక్క ప్రకారం అలా ఉండాలి.

ఆ లెక్క మూడు చోట్ల తప్పుతుంది. మొదటిది, అందరికీ తెలిసినా ఎవరూ పట్టించుకోనిది, అంటుకి కింద ఉండే సగం. మనం బంగినపల్లి మొక్క కొన్నామంటే పైన పుల్ల మాత్రమే బంగినపల్లి. కింద వేరు ఒక నాటు టెంక నుంచి మొలిచిన మొక్క. రసం ఫ్యాక్టరీల దగ్గరా, పచ్చళ్లు పెట్టేవాళ్ల దగ్గరా పోగుపడిన టెంకలు బస్తాల్లో తెచ్చి మడుల్లో పోస్తారు, ఏది మొలిస్తే దాని మీద అంటు కడతారు. పైన చెప్పినట్టు ప్రతి టెంకా ఒక కొత్త మనిషి లాంటిది. కాబట్టి వంద అంట్లు పెట్టిన తోటలో పైన వందా బంగినపల్లే అయినా కింద వంద రకాల వేర్లున్నాయి. ఒక వేరు లోతుకి పోతుంది, ఒకటి పైపైనే పాకుతుంది, ఒకటి ఉప్పు నీటిని తట్టుకుంటుంది, ఇంకోటి తట్టుకోలేక ఆకుల చివర్లు మాడ్చేస్తుంది. చెట్టు ఎత్తు, గుబురు, ఎప్పుడు పూతకొస్తుంది, ఎంత కాస్తుంది అన్నవాటిలో వేరు పాత్ర చాలా ఉంది. వెల్లైకొలంబన్ వేరు మీద కట్టిన ఆల్ఫాన్సో పొట్టిగా పెరుగుతుందని మన పరిశోధకులు ఎప్పుడో చూశారు. ఇజ్రాయెల్ వాళ్లు ఉప్పు, సున్నం ఎక్కువున్న నేలల కోసం 13-1 అనే వేరు రకాన్ని ఏరి పెట్టుకుని తోటలు ఎక్కువగా దాని మీదే వేసుకున్నారు. మనం ఆపిల్ గురించి మాట్లాడేటప్పుడు ఏ వేరు మీద కట్టారు అని అడగడం నేర్చుకున్నాం, మన సొంత మామిడి దగ్గరికొస్తే మాత్రం ఆ ప్రశ్నే రాదు. మొక్క ధర అడుగుతాం, రవాణా అడుగుతాం, వేరు ఏ టెంకది అని అడిగితే నర్సరీలో మనల్ని వింతగా చూస్తారు.

రెండో సంగతి మొగ్గలో వచ్చే మార్పు. చెట్టు పెరుగుతోందంటే కణాలు విడిపోతున్నాయని, ప్రతిసారీ జన్యువుల రాతంతా మళ్లీ రాసుకోవాలి, ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. చాలా తప్పులకి పైకి ఏ గుర్తూ ఉండదు. ఎప్పుడో ఒకసారి ఒక కొమ్మ మొత్తం ఆ తప్పుతోనే పెరిగి, కాయ రంగో, ఆకారమో, కోత కాలమో మారిపోతుంది. ఆ కొమ్మ నుంచి పుల్లలు తీసి అంటు కడితే ఆ మార్పు ఇక తోటలన్నిటికీ పాకుతుంది. ద్రాక్షలో ఇది మనకి బాగా తెలిసిన విషయమే, మహారాష్ట్రలో తాస్‌గావ్ దగ్గర థామ్సన్ సీడ్‌లెస్ తోటలో కనపడిన అలాంటి మార్పు నుంచే తాస్-ఎ-గణేశ్ వచ్చింది, ఈరోజు మనం కొనే తెల్లద్రాక్షలో దాని వాటా పెద్దది. మామిడిలో పుల్లలు తీసేవాళ్లు మంచి కాపున్న చెట్టు నుంచి తీస్తారో, చేతికందిన కొమ్మ నుంచి తీస్తారో అన్నదాన్ని బట్టి ఒక రకం తరతరాలుగా ఎటు జరుగుతుందో ఉంటుంది. వందేళ్లకు పైగా లక్షల అంట్లుగా విస్తరించిన చెట్టులో అలాంటి మార్పులు రాకపోతేనే ఆశ్చర్యం.

మూడోది శుద్ధంగా కలగాపులగం. మా తోటలో అంటు కట్టడానికి వచ్చే పెద్దాయన ఒకసారి నాకు చెట్టు చెట్టుకీ తిప్పి చూపించాడు. పుల్ల తెచ్చేటప్పుడు కట్ట మారిపోతే చాలు, మొక్కకి ఆకులే ఉంటాయి, కాయలుండవు, నాలుగేళ్ల దాకా ఎవరికీ తెలియదు అన్నాడు. "కోలగా, పచ్చగా ఉన్నదంతా బంగినపల్లే అనుకుంటే ఎట్టా అబ్బాయ్, ఆకు నలిపి వాసన చూడు, కొత్త చిగురు రంగు చూడు" అని ఒక చెట్టు దగ్గర ఆపి చూపించాడు. ఆ చెట్టు చిగురు పక్క చెట్ల కంటే ఎర్రగా ఉంది, నిజంగానే వాసన కూడా వేరు. అది బంగినపల్లి కాదనీ, దాని టెంక మొలకెత్తి ఎవరికో నచ్చితే అంటు కట్టిన పిల్ల చెట్టు అయ్యుండొచ్చనీ ఆయన అనుమానం. కాయ చూస్తే ముప్పాతిక భాగం బంగినపల్లే. ఇలాంటివి ఎన్ని తోటల్లో ఎన్ని ఉన్నాయో.

నేనింత చెప్పాను కదా అని మట్టికీ వాతావరణానికీ ఏమీ పాత్ర లేదనుకోకండి. ఉంది, చాలా ఉంది. పూత సమయంలో రాత్రిళ్లు బాగా చల్లబడితే పుప్పొడి సరిగ్గా తయారవదు, పిందె నిలిచినా జీడి పట్టదు, అలాంటి కాయ ఎప్పటికీ చిన్నగానే ఉండిపోతుంది. జనవరి చలి ఎక్కువున్న ఏడు ఒకే చెట్టు మీద పెద్ద కాయలూ గోలీకాయల్లాంటివీ కలిసి కనపడతాయి. చెట్టు పైన ఎండలో ఉన్న కాయకీ, లోపల నీడలో వేలాడిన కాయకీ రంగులో తీపిలో తేడా వస్తుంది. ఇక అన్నిటికంటే పెద్ద తేడా కోతలో వస్తుంది. ముదరని కాయ కోసి మగ్గబెడితే పసుపు రంగు వస్తుంది గానీ తీపి రాదు. నీళ్ల తొట్టిలో వేస్తే ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది, ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. మార్చి నెలాఖరుకే బండ్ల మీద కనపడే చాలా కాయల్ని తిని ఈ ఏడు బంగినపల్లి బాగాలేదు అనేవాళ్లుంటారు, పాపం ఆ కాయకి బంగినపల్లి అనిపించుకునే టైమే ఇవ్వలేదు.

కానీ ఎండా నీళ్లూ తెచ్చే తేడా ఏడాదికేడాది మారుతుంది. మా రెండో చెట్టు చుక్కలు ఏ ఏడాదీ మారలేదు. అందుకే ఈ రెండు రకాల తేడాలనీ కలిపేసి మట్టి మహిమ అని వదిలేయడం నాకు నచ్చదు.

2017లో బంగినపల్లికి, ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినప్పుడు మా వైపు కొందరికి కోపం వచ్చింది, పేరు వాళ్లకి పోయిందని. నిజానికి అందులో బనగానపల్లె, పాణ్యం, నంద్యాల ప్రాంతాన్ని పుట్టినచోటుగా చెప్పారు, కోస్తా, రాయలసీమ జిల్లాలతో పాటు తెలంగాణలోని ఖమ్మం, మహబూబ్‌నగర్, రంగారెడ్డి, మెదక్, ఆదిలాబాద్‌లని కూడా తర్వాత విస్తరించిన ప్రాంతాలుగా కలిపారు. బేనీషాన్, చప్పటై, ఢిల్లీ వాళ్ల సఫేదా, అన్నీ ఇదే అని రాశారు. కాయని ఎలా గుర్తుపట్టాలో కూడా రాశారు: తొక్క మీద చాలా లేత చుక్కలు, పొడవాటి టెంక, దాని మీద పల్చగా మెత్తటి పీచు. మామూలుగా కాయ 350 నుంచి 400 గ్రాములు. ఈ వర్ణనకి మా మొదటి చెట్టు అతికినట్టు సరిపోతుంది. ఏటా కాసే, ఎక్కువ తీపున్న రెండో చెట్టు సరిపోదు. గుర్తింపు ఇవ్వడం మంచిదే, దానికి ఒక వర్ణన ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ వర్ణనకి అవతల పడ్డ చెట్లలో దాన్ని మించిన గుణాలు ఉండొచ్చు, వాటిని చూసేవాళ్లు ఎవరు?

జన్యు పరీక్ష చేస్తే తేలిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. కొంతవరకే తేలుతుంది. మామూలుగా రకాల్ని వేరు చేయడానికి వాడే పరీక్షల్లో జన్యుపదార్థంలో ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చే కొన్ని చోట్లని మాత్రమే చూస్తారు. బంగినపల్లికీ తోతాపురికీ తేడా చెప్పడానికి అవి భేషుగ్గా పనికొస్తాయి, పెద్దాయన చూపించిన ఆ ఎర్ర చిగురు చెట్టు బంగినపల్లి పుల్లా, దాని టెంక పిల్లా అన్నది కూడా చెప్పేస్తాయి. మొగ్గలో ఒక్క అక్షరం మారి వచ్చిన తేడా మాత్రం ఆ వలకి దొరకడం కష్టం, రెండు చెట్లూ ఒకటే అని రిపోర్టు వస్తుంది. దానికి మొత్తం జన్యుపటం చదవాలి. 2020లో ఆల్ఫాన్సో రకం జన్యుపటం పూర్తిగా అచ్చయింది కాబట్టి ఇప్పుడు పోల్చి చూడటానికి ఒక ఆధారం ఉంది.

ఈ పని చేసి చూపించినవాళ్లున్నారు. దశేరీ విషయంలో లక్నోలోని కేంద్ర ఉపోష్ణ ఉద్యాన సంస్థ శాస్త్రవేత్తలు తోటలు తిరిగి, చెట్టు చెట్టునీ గమనించి, ఏటా కాస్తూ ఎక్కువ దిగుబడి ఇచ్చే ఒక చెట్టుని పట్టుకుని దశేరీ-51 పేరుతో విడుదల చేశారు. రెండు రకాల్ని కలిపే సంకరం లేదు, కొత్త రకం పుట్టించింది లేదు, ఉన్నవాటిలోంచే ఏరుకున్నారు. నీలం అనే మామిడి రకంలో కూడా తమిళనాడు వాళ్లు అలాగే ఏరి పైయూర్-1 తీశారు. మనవాళ్లు బంగినపల్లిని సంకరాల్లో బాగానే వాడారు, కోడూరులో నీలంతో కలిపి నీలేశాన్ చేశారు, బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఆల్ఫాన్సోతో కలిపి అర్క అరుణ, అర్క పునీత్ తీసింది. అవన్నీ మంచి పనులే. అయినా నన్నడిగితే రైతుకి తొందరగా ఉపయోగపడేది ఏరడమే, ఎందుకంటే మార్కెట్ బంగినపల్లి అన్న పేరుని తప్ప ఇంకో పేరుని అంత తేలిగ్గా కొనదు. బంగినపల్లిగానే ఉంటూ ఏటా కాసే చెట్టు దొరికితే అంతకంటే ఏం కావాలి?

నాకు టెన్షన్ పుట్టించేది ఏంటంటే, ఏరడానికి చెట్లు మిగలాలి. మా చుట్టుపక్కల పాత తోటలు ఏటా పడిపోతున్నాయి. పూత మాడిపోయి, తామర పురుగు మందులకి డబ్బు పోసి, కోత టైముకి ధర లేక విసిగిపోయిన రైతు పామాయిల్ వేసుకుంటే తప్పు పట్టలేను, ఆ నష్టం చూసినవాణ్ణే. కానీ పొక్లెయిన్ వచ్చి తోట మొత్తం ఒక్కరోజులో పెకలించేటప్పుడు, ఆ మూల చెట్టు ఏనాడూ కాపు తప్పలేదు, ఈ చెట్టు కాయ పురుగు పట్టదు అని ఆ ఇంటి పెద్దవాళ్లకి తెలిసిన సంగతులు కూడా దుంగలతో పాటే పోతున్నాయి. వాళ్లు చెట్లని వరసా నంబరుతో కాదు, గుణంతో గుర్తుపెట్టుకుంటారు. ఎవరైనా ఒక నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి తోట చరిత్ర మొత్తం చెప్పేస్తారు.

తోట ఉన్నవాళ్లు ఎవరైనా సొంతంగా చేసుకోగల పని ఒకటి చెబుతాను. మీ తోటలో వేరుగా కనపడే చెట్టు ఉంటే, ఆ తేడా పైన పుల్లదా, కింద వేరుదా అని తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఆ చెట్టు నుంచి మూడు నాలుగు నెలల వయసున్న, పూత రాని రెమ్మలు ఎంచుకోండి, వారం పది రోజుల ముందే తొడిమలు ఉంచి ఆకులు తీసేస్తే మొగ్గ ఉబ్బుతుంది, అప్పుడు కోసి విడివిడి నాటు మొక్కల మీద కట్టండి. మామూలు బంగినపల్లి పుల్లలు కూడా కొన్ని పక్కనే కట్టి, రెండింటికీ నంబర్లు రాసి ఒకే చోట నాటండి. నాలుగైదేళ్లకి కాయ వస్తుంది. ఆ వింత గుణం కొత్త చెట్లన్నిటిలోనూ కనపడితే అది పుల్లలోనే ఉందన్నమాట, దాన్ని కాపాడుకోవాలి. కొన్నిటిలో కనపడి కొన్నిటిలో కనపడకపోతే వేరు మహిమో, నేల మహిమో అని అర్థం. తొందరగా తెలుసుకోవాలంటే ఇంకో దారి ఉంది, పాత చెట్టు కొమ్మలు కొట్టి, వచ్చిన చిగుళ్ల మీద కట్టొచ్చు, కాపు ముందే వస్తుంది. పుల్లలోనే గుణం ఉందని తేలితే ఊరుకోకండి. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ చట్టం కింద రైతు తన రకాన్ని తన పేరు మీద రిజిస్టర్ చేసుకునే వీలుంది, మిగతావాటి నుంచి స్పష్టంగా వేరుగా ఉందని, చెట్లన్నీ ఒకేలా ఉన్నాయని, నిలకడగా ఉందని చూపించగలగాలి.

మొక్కలు కొనేవాళ్లకి ఒక్క మాట. నర్సరీకి వెళితే తల్లి చెట్టు చూపించమనండి. కాపు మీదున్నప్పుడే వెళ్లి చూడండి, దాని కాయ ఒకటి కోయించుకుని తినండి. అంటు మొక్కల మీద రేటు బేరం ఆడటం కంటే ఈ ఒక్క పని మీ తోటకి ముప్పై నలభై ఏళ్లు పనికొస్తుంది. చూపించలేమన్నవాళ్ల దగ్గర నేనైతే కొనను.

మా బావి పక్క రెండో చెట్టు పుల్లలు ఈ వానాకాలంలో కట్టిస్తున్నాం. నాటు మొక్కలన్నీ ఈసారి ఒకే చెట్టు కింది టెంకల నుంచి మొలిపించినవి, వేరులో తేడా పూర్తిగా పోదు గానీ కొంత తగ్గుతుంది. మీ తోటల్లో చుక్కలు పెద్దవిగా ఉండి, కోత వెనకబడి, ఏటా కాసే బంగినపల్లి చెట్టు ఎక్కడైనా ఉంటే నాకు రాయండి. కాయ నిలువుగా కోసిన ఫొటో, టెంక పక్కన పెట్టి తీసిన ఫొటో, కొత్త చిగురు ఫొటో, ఈ మూడూ పంపండి. చెట్టు వయసు, ఏ ఊరి నర్సరీ నుంచి వచ్చింది అన్నది ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాస్తే ఇంకా మంచిది.